పత్తి ఇంటికి రాకముందే: చలికాలం పొయ్యి, కుంపటి, గ్యాసు ఎలా సరిచూసుకోవాలి?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చలి మొదలయ్యేదీ, పత్తి ఇంట్లో కుప్ప పడేదీ, వరిగడ్డి దొడ్లోకి చేరేదీ ఇంచుమించు ఒకే రోజుల్లో. వానాకాలమంతా మూలన పడున్న నీళ్ల పొయ్యి మళ్లీ రాజుకునే వేళకు దాని చుట్టూ మండే సామాను ఎన్నడూ లేనంత పోగవుతుంది. పొయ్యి ఎట్లా ఉందన్నది సగం సంగతే. పొయ్యి పక్కన ఏముంది, మంట ఆరిపోయాక నిప్పు ఎక్కడికి పోతోంది అన్నది మిగతా సగం. ఇల్లు కాలేది ఎక్కువగా ఈ రెండో సగంలోనే.

దసరా, దీపావళి మధ్యలో ఒక పూట కేటాయిస్తే ఈ పనులన్నీ అయిపోతాయి. ఒక కొలత టేపు, సబ్బు నీళ్లు, టార్చి, మూతున్న ఇనుప బకెట్, రెండు బకెట్ల పొడి ఇసుక, ఒక పాత ఉన్ని గొంగడి సిద్ధంగా పెట్టుకోండి.

1. పొయ్యి చుట్టూ కొలవండి

పొయ్యి అంచు నుంచి అన్ని వైపులా కనీసం మూడడుగులు ఖాళీగా ఉండాలి. కట్టెల మోపు, పిడకల బుట్ట, గోనె సంచులు, చీపురు, బట్టల దండెం ఏవీ ఆ గీత లోపల ఉండొద్దు. పైకి కూడా చూడండి. తాటాకు, బోదగడ్డి కప్పు కింద పొయ్యి ఉంటే దాన్ని బయటికి మార్చడమే మంచిది. అది కుదరకపోతే పొయ్యికి నేరుగా పైన ఒక ఇనుప రేకు కట్టండి. రేకు కప్పుకు ఆనకూడదు, మధ్యలో గాలి ఆడాలి. ఆనిందంటే వేడి నేరుగా ఆకుకే ఎక్కుతుంది. రేకు కట్టినంత మాత్రాన మంట ఎత్తుగా పెట్టొచ్చని కాదు.

వాకిట్లో నీళ్లు కాగబెట్టే పొయ్యికి గాలి దిక్కు చూడాలి. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. నిప్పురవ్వలు పడమరకు, నైరుతికి ఎగురుతాయి. కాబట్టి ఆ వైపు గడ్డివాము గానీ, పశువుల కొట్టం గానీ ఉండకూడదు. గడ్డివామును కదల్చడం కంటే పొయ్యిని కదల్చడం తేలిక.

చలిమంట షాబాదు బండల మీదో, స్లాబు మీదో నేరుగా వేయకండి. వేడికి బండ పొరలు పొరలుగా చిట్లి ముక్కలు ఎగురుతాయి. కింద నాలుగు అంగుళాల ఇసుక పోసి దాని మీద వేయండి.

2. పగుళ్లు పూడ్చండి

చీకట్లో పొయ్యి లోపల టార్చి పెట్టి బయటి నుంచి చూస్తే వెలుతురు ఎక్కడెక్కడ కనపడుతుందో అక్కడల్లా మంట బయటికి వస్తుంది. గోడ వైపున్న పగులు అన్నిటికంటే చెడ్డది. ముందర కూర్చుని వండే మనిషికి అది కనపడదు.

పూడ్చడానికి పుట్టమన్ను మేలు, లేదంటే చెలక ఎర్రమన్ను. ఒట్టి నల్లరేగడి వాడొద్దు, అది ఎండేటప్పుడు కుంచించుకుపోయి మళ్లీ చీలుతుంది. మన్నులో కాస్త ఊక, పేడ కలిపి పిసికి, పగులును తడిపి, లోపలిదాకా దూర్చి మెత్తండి. రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి, మొదటిసారి చిన్న మంటే పెట్టండి. తడి మన్ను మీద పెద్ద మంట వేస్తే పని మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

పొగగొట్టం ఉన్నవాళ్లు దాన్ని విప్పి దులపాలి. పచ్చికట్టె పొగతో లోపల జిగురు మసి పేరుకుంటుంది, అది కూడా మండుతుంది. పొడవాటి కర్రకు గోనెపీలికలు చుట్టి పైనుంచి కిందికి రుద్దితే చాలు. గొట్టం కప్పులోంచి దాటే చోట ఆకుగానీ, వాసం గానీ తాకుతోందేమో తప్పకుండా చూడండి.

3. కట్టెను బట్టి జాగ్రత్త

ఎండిన కట్టె కొసన చీలికలు ఉంటాయి, రెండు కట్టెలు తాకిస్తే ఖంగుమంటాయి. పచ్చిది మందంగా మోగుతుంది, కొసల నుంచి నురగ కక్కుతుంది. సర్కారు తుమ్మను చీల్చి, కింద రెండు రాళ్లు పెట్టి, పైన రేకు కప్పి ఒక ఎండాకాలం గడవనిస్తే బాగా మండుతుంది.

పత్తి కట్టె, కంది కట్టెలది వేరే తీరు. గుప్పుమని అంటుకుంటాయి, మంట ఎత్తుగా లేస్తుంది. పొడవుగా అట్లాగే దూర్చి వదిలేస్తే మంట కట్టె వెంట బయటికి పాకి, కొస విరిగి పక్కనున్న మోపు మీద పడుతుంది. అందుకే అడుగున్నరకు మించకుండా విరిచి, ఒక్కో పిడికెడే పెట్టండి. ఆ పూటకు కావలసినంతే పొయ్యి దగ్గరికి తెచ్చుకోండి. రాజేయడానికి మక్క బెండ్లు, కొబ్బరి పీచు చాలు. పెట్రోలు పోసి వెలిగించే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ ఏడాది మాన్పించండి. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు, అగ్గిపుల్ల గీసేసరికి అది చేతిదాకా వచ్చి ఉంటుంది.

4. బూడిద ఎక్కడ పోస్తున్నారు?

మన దగ్గర బూడిద పెంటకుప్పలో పోస్తారు. ఎరువుకు మంచిదే. కానీ పైన చల్లారిన బూడిద కింద నిప్పుకణిక ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతికి ఉంటుంది. బూడిద పొర దానికి గాలి తగలకుండా కాపాడుతుంది. ఎండిన పెంటలో పడ్డాక అది మంట లేకుండా లోపలికి పాకుతుంది. రాత్రి గాలి లేచినప్పుడు అవతలి వైపు మంటై తేలుతుంది. పిడకలు, తుమ్మ బొగ్గులు ఈ విషయంలో మరీ మొండివి.

పొయ్యి ఆర్పాక బూడిదను ఇనుప బకెట్లో ఎత్తి మూత పెట్టండి. ప్లాస్టిక్ తట్ట, వెదురు గంప వద్దు. బకెట్‌ను నేల మీద, గోడకు దూరంగా ఉంచండి. మరుసటి రోజు నీళ్లు చల్లి, కర్రతో కలిపి, ఆవిరి రాకపోతేనే పెంటలో పోయండి. చలిమంటకూ ఇదే లెక్క. దాన్ని కాళ్లతో చెదరగొట్టి వెళ్లిపోవడం ఆర్పడం కాదు. నీళ్లు పోసి, కలియదిప్పి, మళ్లీ పోయాలి.

5. పత్తి ఉన్న గది

ధర కోసం ఆగే ఇళ్లలో పత్తి వారాల తరబడి గదిలోనే ఉంటుంది. పత్తిని వంటింటి పక్క గదిలో గానీ, దేవుడి గూడు ఉన్న గదిలో గానీ పెట్టకండి. కార్తీకంలో దీపాలు ఎన్ని వెలుగుతాయో తెలుసు కదా. బీడీ, అగర్‌బత్తి, దోమల చుట్ట ఆ గడప దాటొద్దు. వైరు అతుకులు టేపుతో చుట్టి ఉంటే పత్తి నింపకముందే మార్పించండి. మందు కొట్టే బ్యాటరీ పంపును అక్కడ చార్జింగ్ పెట్టొద్దు, పురుగు మందులు, డీజిల్ డబ్బాలు కూడా ఉంచొద్దు. కుప్ప తలుపుకు ఆనకుండా రెండడుగుల దారి వదలండి.

ఆ దారి ఎందుకంటే, పత్తికి అంటిన నిప్పు పైకి మంటగా కంటే లోపలికి ఎక్కువ పోతుంది. పైన నీళ్లు పోస్తే జారిపోతాయి, లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. పత్తిని బయటికి లాగి, విడదీసి తడిపితేనే ఆరుతుంది. గదిలో పొగ నిండి ఉంటే మాత్రం లోపలికి వెళ్లొద్దు, తలుపు మూసి అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఆగండి.

గడ్డి కట్టలను తడిగా ఉండగా బిగించి పేర్చకండి, లోపల తేమకు వేడెక్కుతాయి. వాములో చెయ్యి పెడితే వేడిగా తగిలినా, మాడిన వాసన వచ్చినా ఇంకా కదిలించకండి. గాలి తగిలి భగ్గుమంటుంది. ముందు 101కి చెప్పండి. వాము ఇంటికి దూరంగా, కరెంటు తీగల కింద కాకుండా ఉండాలి. దీపావళి నాడు దాని పక్కన ఒక మనిషి, రెండు బిందెల నీళ్లు ఉండాలి.

6. పడుకునే గదిలో కుంపటి వద్దు

ఇది మంట వల్ల కలిగే ప్రమాదం కాదు. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దాని గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. బాలింత గదిలో సాంబ్రాణి కోసం నిప్పులు తెస్తే తలుపు తీసే ఉంచి, పని అవగానే బయట పెట్టేయండి. గది వెచ్చబడ్డాక కుంపటి తీసేస్తాం అనుకున్నవాళ్లే నిద్రపోతారు. ఎవరైనా మత్తుగా కనపడితే ముందు ఆరుబయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

7. గ్యాసు, హీటర్

కట్టెల పొయ్యి, సిలిండర్ ఒకే గదిలో ఉండకూడదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పాకి పొయ్యిని చేరుతుంది. నారింజ రంగు సురక్ష ట్యూబ్ మీద తేదీ ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చండి. సిలిండర్ పైనున్న నిలువు పట్టీల లోపలి వైపు ఇంగ్లిషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. సి 28 అంటే 2028 సెప్టెంబర్ లోపు ఆ సిలిండర్‌కు మళ్లీ పరీక్ష చేయాలి. గడువు దాటినది తీసుకోకండి. రెగ్యులేటర్ బిగించాక సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వస్తే లీకే. అగ్గిపుల్లతో పరీక్షించొద్దు. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కి చెప్పండి.

1500 వాట్ల హీటర్ రాడ్ సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పడక గదిలోని 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దానికి చాలదు, వేడెక్కి నల్లబడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. ముందు నీళ్లలో ముంచి, తర్వాత స్విచ్ వేయండి. ప్లగ్ తీసే వరకు నీళ్లు ముట్టొద్దు.

8. అంటుకుంటే

నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, కింద మంట ఆపి మూత బోర్లించండి. చీరకు అంటుకుంటే పరుగెత్తనివ్వకండి, నేల మీద పడుకోబెట్టి గొంగడి కప్పండి. గొర్రె ఉన్ని సులభంగా మండదు. సంతలో దొరికే మెత్తటి యాక్రిలిక్ దుప్పటి మాత్రం కరిగి ఒంటికి అంటుకుంటుంది, దాన్ని తేవొద్దు. పొయ్యి దగ్గర నైలాన్, పాలిస్టర్ చీరల కంటే నూలు చీర మంచిది, కొంగు దోపుకోవాలి.

కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. ఐసు, పసుపు, టూత్‌పేస్ట్ వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. ఒంటికి అంటుకున్న బట్టను పీకకండి.

101కి ఫోన్ చేసేటప్పుడు ఊరు, మండలం, గుడో బడో ఒక గుర్తు, ఏం కాలుతోందో చెప్పండి. పత్తి, గడ్డి అని చెబితే వాళ్లు దానికి తగ్గట్టు సిద్ధమై వస్తారు. బండి వచ్చేలోపు కరెంటు తీసేయాల్సి వస్తుంది కాబట్టి బోరు మోటారు మీద ఆశ పెట్టుకోకండి. గోలెం రాత్రి పూట నిండుగా, దాని పక్కన రెండు బకెట్లు ఖాళీగా ఉండేలా చూడండి.