డీజిల్ కారు కారుతోందా? ముందు తుడవండి, తర్వాతే పానా పట్టండి

మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసింది. అంతకుముందు అమ్మిన స్విఫ్టులు, డిజైర్లు మాత్రం మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఉన్న 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజినే టాటా విస్టాలోనూ మాంజాలోనూ ఉంది. ఇంజిన్ గట్టిదే. దాని మీదున్న రబ్బరు పైపులు, అతుకుల్లో లీకవకుండా వేసే రబ్బరు ఓ-రింగులు మాత్రం ఇన్నేళ్ళ వేడికి బిరుసెక్కి, బీటలు వారి, డీజిల్ కార్చే వయసుకొచ్చాయి. కొన్ని లీకేజీలు ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చు. కొన్నింటి జోలికి అస్సలు వెళ్ళకూడదు. ఏది ఏదో తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని.

ఎక్కడ చెయ్యి పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు

ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా, ఫిల్టరు నుంచి హై ప్రెషర్ పంపు దాకా డీజిల్ తక్కువ ఒత్తిడితో వస్తుంది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర మిగిలింది రిటర్న్ పైపుల్లో వెనక్కి పోతుంది. ఈ దారంతా ఎక్కువగా రబ్బరు, ప్లాస్టిక్ పైపులే. ఇంతవరకు మీరు చేసుకోగలిగిన పని.

పంపు నుంచి రెయిలుకు (అన్ని ఇంజెక్టర్లకీ కలిపి ఒత్తిడితో డీజిల్ నిలవుంచే గొట్టం), రెయిలు నుంచి ఒక్కో ఇంజెక్టరుకు వెళ్ళే సన్నటి ఇనుప పైపుల సంగతి వేరు. టైరులో గాలి రెండు బార్లకు కాస్త పైన ఉంటుంది. ఈ పైపుల్లో ఒత్తిడి 1600 బార్ల దాకా వెళుతుంది. కంటికి ఆనని బీటలోంచి వచ్చే ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న గాటే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చుబడిపోతుంది, ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. ఎవరికైనా అలా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకెళ్ళి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి.

పాత జీపులకీ ట్రాక్టర్లకీ ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టరు నట్టు వదులుచేసి ఎయిర్ (పైపుల్లో చిక్కుకున్న గాలి) తీసేవారు. ఆ అలవాటు ఇంకా పోని మెకానిక్కులు ఉన్నారు. ఇలా రెయిలు ఉన్న మీ కామన్ రెయిల్ ఇంజిన్ మీద ఆ పని చేయనివ్వకండి.

ఇంకో మాట. "డీజిలే కదా, పెట్రోలులా అంటుకోదులే" అంటారు. మన దేశంలో డీజిల్‌కి ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, 35 డిగ్రీలు. మన ఎండాకాలంలో నీడలోనే అది దాటుతుంది, ఇక బానెట్ కింద చెప్పేదేముంది? టర్బో మీదో సైలెన్సర్ పైపు మీదో డీజిల్ పడుతుంటే బండి కదపొద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, గాలి ఆడే చోటే పని మొదలుపెట్టండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరొత్తి ఏదీ ఉండకూడదు.

కింద తడి కనబడింది: అది డీజిలేనా?

రాత్రి బండి కింద పాత అట్టముక్క పరవండి. పొద్దున దాని మీద మరక చూడండి. ఏసీ నీళ్ళయితే ఆరిపోతాయి. కూలెంట్‌కి రంగు ఉంటుంది, వాసన కాస్త తియ్యగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా, చిక్కగా అంటుకుంటుంది. డీజిల్ మరక పల్చగా చుట్టూ పాకుతుంది, ఎంతసేపైనా ఆరదు, వాసన మీకు తెలిసిందే.

చుక్క పడ్డ చోటికి సరిగ్గా పైనే లీకేజీ ఉందనుకోవద్దు. డీజిల్ పైపు వెంబడి, ఇంజిన్ ఒంటి వెంబడి పాకి, ఎక్కడో దూరంగా బొట్టు కడుతుంది. అందుకే ముందు తుడవాలి. ఇంజెక్టర్ల చుట్టూ, ఫిల్టరు చుట్టూ, పైపుల అతుకుల దగ్గర పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మీద కాస్త టాల్కం పౌడర్ చల్లండి. కాసేపు ఇంజిన్ నడిపి ఆపేయండి. నడుస్తున్నంతసేపూ చెయ్యి లోపల పెట్టొద్దు, ఇనుప పైపుల దగ్గరికి మొహం తీసుకెళ్ళొద్దు. ఆపాక పది నిమిషాలాగి టార్చి వేసి చూస్తే తెల్లటి పొడిలో తడి జాడ కనిపిస్తుంది. ఆ జాడలో అన్నిటికంటే పైనున్న చోటే మీకు కావాల్సింది.

ఏసీ వేస్తే డీజిల్ వాసన, ఇంజిన్ మీద తడి

ఎక్కువ కార్లలో దోషి రిటర్న్ పైపే. ఇంజెక్టర్ల తలల మీదుగా ఒకదాన్నుంచి ఇంకోదానికి సాగే, పెన్సిలంత లావు కూడా లేని నల్ల పైపు ఇది. తొడిగిన చోట కొసను వేలితో పక్కకి వంచి చూడండి. మామూలుగా బాగానే కనిపించే రబ్బరు, వంచగానే సన్నటి గీతలుగా విచ్చుకుంటుంది. ఆ గీతల్లో తడి మెరుస్తుంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

కొంతమంది ఆ పాడైన కొస కోసేసి, మిగిలిన పైపునే మళ్ళీ తొడుగుతారు. ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతే. ఒక కొస బీటలు వారిందంటే మిగతావీ అదే వయసువి. మొత్తం సెట్టు మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. పాత ముక్క షాపుకి పట్టుకెళ్ళి లోపలి కొలత సరిచూసి, డీజిల్‌కి తట్టుకునే ఫ్యుయల్ హోస్ అనే అడగండి. అక్వేరియం పైపు, లెవెల్ పైపు తొడిగిన బళ్ళు చాలా చూశాను. నాలుగు రోజులకే బిరుసెక్కి జారిపోతాయి. ఎం-సీల్, ఫెవిక్విక్ డీజిల్ తడి మీద నిలవవు. బైండింగ్ వైరు చుడితే అది పైపునే కోసేస్తుంది.

కొన్ని ఇంజిన్లలో పైపు చివర క్లిప్పుతో కూర్చునే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాని అడుగున చిన్న ఓ-రింగ్. పైపు బాగుండి, ఈ ముక్క మొదట్లో తడి ఉంటే ఆ ఓ-రింగ్ పోయినట్టే. క్లిప్పును స్క్రూడ్రైవరుతో తన్నిపెట్టి లాగొద్దు, ఇన్నేళ్ళ ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది. ఏ వైపు నుంచి వదులవుతుందో చూసుకుని నెమ్మదిగా తీయండి. పని జరుగుతున్నంతసేపూ తెరిచిన రంధ్రాలు శుభ్రమైన కవరుతో కప్పి ఉంచండి.

పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు, కింద చుక్క లేదు

ఇది చాలామందిని బ్యాటరీ మార్చేదాకా తీసుకెళ్తుంది. ట్యాంకు నుంచి డీజిల్‌ని లాక్కునే దారిలో సందు పడితే బయటికి కారదు, లోపలికి గాలి పీలుస్తుంది. రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోయి, పొద్దునకి ఎయిర్ పట్టి ఉంటుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది.

ఈమధ్య ఫిల్టరు మార్పించారా? అయితే అక్కడే మొదలుపెట్టండి. పాత ఓ-రింగే మళ్ళీ వేసుంటారు, లేదా కొత్తది మెలిపడి ఉంటుంది. కింద నీళ్ళు వదిలే ప్లగ్గు కూడా చూడండి. కొత్త ఓ-రింగుకి కాస్త డీజిల్ రాసి, గాడిలో సమంగా కూర్చోబెట్టి బిగించాలి. తర్వాత ఎయిర్ తియ్యాలి. ఫిల్టరు దగ్గర చేత్తో నొక్కే పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండయితే సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేసి కొన్ని సెకన్లు ఉంచి, ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. అదే పనిగా సెల్ఫ్ కొడితే స్టార్టరు కాలిపోతుంది.

నిలిపిన బండి ఉన్నట్టుండి ధారగా కారింది

వారం రోజులు ఊరెళ్ళి వచ్చాక ఇలా అయితే ఎలుకల్ని అనుమానించండి. అపార్టుమెంట్ల స్టిల్ట్ పార్కింగుల్లో ఇది మామూలే. ప్లాస్టిక్ ఫ్యుయల్ పైపుని కూడా కొరుకుతాయి. పంటి గాట్లు కనబడితే వైర్లు కూడా చూడందే కీ తిప్పొద్దు. కొరికిన పైపుకి టేపు చుట్టడం కాదు, పైపే మార్చాలి.

ట్యాంకు ఫుల్ చేయించినప్పుడే వెనకవైపు వాసన వస్తే డీజిల్ పోసే గొట్టం అతుకో, ట్యాంకు పైనున్న పంపు సీలో కారణం. ట్యాంకు సగానికి దిగాక చేయించుకుంటే పని తేలిక.

ఇవి కనబడితే షాపుకే

ఇనుప పైపుల నట్టు దగ్గర తడి ఉంటే ఇంకాస్త బిగించి చూద్దామనుకోవద్దు. అక్కడ రబ్బరు వాషరేమీ ఉండదు, ఇనుము ఇనుముకి ఒత్తుకునే సీలు అవుతుంది. అతిగా బిగిస్తే ఆ అంచే పాడవుతుంది. ఇంజెక్టరు మొదట్లో నల్లటి తారులా పేరుకుని, ఛఫ్ ఛఫ్‌మని చప్పుడొస్తుంటే కింద రాగి వాషరు పోయి పొగ తన్నుతోందని అర్థం. అదీ ఇంటి పని కాదు.

అన్నిటికంటే భయపడాల్సింది బయటికి కనబడని లీకేజీకి. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీస్తే ఆయిల్ ఉండాల్సిన గీత దాటి పైకొచ్చి, డీజిల్ వాసన కొడుతుంటే ఇంజెక్టరు నుంచో పంపు నుంచో డీజిల్ ఆయిల్లో కలుస్తోంది. పల్చబడిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్నే పీల్చి తగలేసుకుంటూ, కీ తీసినా ఆగకుండా రేజ్ అయిపోవచ్చు. ఆ బండిని స్టార్ట్ చేయకుండా వేరే బండితో లాగించుకుపోయే ఏర్పాటు చూడండి.

బాగుచేశాక

మళ్ళీ తుడిచి, పొడి చల్లి, కాసేపు నడిపి చూడండి. కూలెంట్ పైపులు, ఇంజిన్ బెల్టు మీద పడ్డ డీజిల్‌ని వదిలేయొద్దు, రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది. కింద పడినదాని మీద రంపపు పొట్టో పొడి ఇసుకో పోసి పీల్చుకున్నాక ఎత్తేసి, సబ్బునీళ్ళతో రుద్దండి. గేటు బయట రోడ్డు మీద పడినా అంతే చేయండి, బైకు మీద వచ్చేవాళ్ళు జారి పడతారు. తడిసిన గుడ్డల్ని వంటింటి వైపు తేకుండా మూతున్న డబ్బాలో వేయండి. అట్టముక్క మాత్రం పారేయకండి, ఇంకో రెండు మూడు రాత్రులు బండి కిందే ఉండనివ్వండి.