నోటి బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ: నెట్ ఫారం నుంచి ల్యాబ్‌లో చేరేదాకా దరఖాస్తు ఎలా?

మనుషుల నోళ్లలో ఇప్పటిదాకా 700కు పైగా బ్యాక్టీరియా జాతుల్ని గుర్తించారు. పళ్లు పుచ్చడంలో పేరు మోసిన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, చిగుళ్ల జబ్బులో ఎప్పుడూ వినిపించే పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ఆమధ్య పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో కూడా కనిపించిన ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం, ఇవన్నీ అందులోవే. పని బోలెడంత ఉంది, చేసేవాళ్లే తక్కువ. కానీ "ఓరల్ మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ" అన్న పేరుతో నోటిఫికేషన్ కోసం వెతికితే మన దేశంలో దాదాపు ఏమీ దొరకదు, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. యూనివర్సిటీల్లో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ సీట్ల కింద, డెంటల్ కాలేజీల్లో ఓరల్ పాథాలజీ అండ్ మైక్రోబయాలజీ విభాగం కింద వెతకండి.

ముందు అర్హత. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పీజీ చేసినవాళ్లకి అందులో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. ఎమ్మెస్సీ వాళ్లకి, ఎండీఎస్ (డెంటల్ పీజీ) వాళ్లకి ఇక్కడ తికమక లేదు. బీడీఎస్ (డెంటల్ డిగ్రీ) ఒక్కటే ఉన్నవాళ్లు మాత్రం ఫీజు కట్టకముందే ఆ యూనివర్సిటీ రీసెర్చ్ సెల్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, ఫోన్‌లో ఎవరో "పర్లేదండీ, అప్లై చేసేయండి" అన్న మాట వెరిఫికేషన్ రోజు పనికిరాదు. డెంటల్ కాలేజీలో ఉద్యోగం చేస్తున్నవాళ్లకి పార్ట్ టైమ్ పీహెచ్‌డీ కూడా ఉంది, కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి.

ఎమ్మెస్సీ చేసినవాళ్లు సీటు కంటే ముందు ఫెలోషిప్ సంగతి చూసుకోండి అని గట్టిగా చెప్తాను. సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో, లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల డబ్బు). ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు. మీ ఫెలోషిప్ మీరే తెచ్చుకుంటున్నారంటే గైడ్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది, ఇంట్లో వాళ్లకీ సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈ నెట్ పరీక్షని ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) ఏడాదికి రెండు విడతలుగా, జూన్, డిసెంబర్ సెషన్ల పేరుతో పెడుతుంది. ఫారం ఆన్‌లైన్‌లోనే. రిజిస్ట్రేషన్ చేస్తే అప్లికేషన్ నంబర్ వస్తుంది, దాంతో లాగిన్ అయ్యి వివరాలు నింపి, ఫొటో, సంతకం అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టి, కన్ఫర్మేషన్ పేజీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ పేజీ రాకపోతే ఫారం పూర్తయినట్టు కాదు. మొబైల్, మెయిల్ సొంతవే ఇవ్వండి, ఇంటర్నెట్ సెంటర్ వాళ్లవి వద్దు, ఓటీపీలు, అడ్మిట్ కార్డు సమాచారం అన్నీ వాటికే వస్తాయి. తప్పులు దిద్దుకోవడానికి కొద్ది రోజులు కరెక్షన్ విండో ఇస్తారు కానీ అందులో అన్నీ మార్చుకోలేరు. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు రిజల్ట్ అవెయిటెడ్ కింద పెట్టొచ్చు.

మన రెండు రాష్ట్రాల వాళ్లకి చిక్కొచ్చేది కేటగిరీ దగ్గర. మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న బీసీ ఏ, బీసీ డీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ఉంటే, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ కావాలని అప్లై చేసేటప్పుడే స్పష్టంగా అడగాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లేది ఉండాలి. తహసీల్దార్ ఆఫీసులో దీనికి టైమ్ పడుతుంది, కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఎస్‌ఎస్‌సీ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందా అనేది కూడా ఈ ఖాళీలోనే చూసుకోవాల్సిన పని.

పరీక్ష మూడు గంటలు, 200 మార్కులు, తప్పు జవాబుకి పావు వంతు కోత. నోటి బ్యాక్టీరియా గురించి ప్రత్యేకంగా ఏమీ అడగరు కానీ ఇమ్యునాలజీ, హోస్ట్ పారసైట్ ఇంటరాక్షన్, బయాలజీ మెథడ్స్ మీకు తర్వాత రోజూ పనికొచ్చేవే, అక్కడ కష్టపడితే ఊరికే పోదు.

జేఆర్‌ఎఫ్ వచ్చాక యూనివర్సిటీ అడ్మిషన్‌కి ఇంటర్వ్యూ ఉంటుంది. జేఆర్‌ఎఫ్ లేకుండా నెట్ స్కోరుతో వెళ్లేవాళ్లకి స్కోరుకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, పైగా ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఏడాదే చెల్లుతుంది. సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో చేరాలంటే ఏసీఎస్‌ఐఆర్‌కి (ఆ ల్యాబుల పీహెచ్‌డీలు ఇచ్చే అకాడమీ) విడిగా అప్లై చేయాలి, జనవరి, ఆగస్టు సెషన్లు ఉంటాయి.

ఇక అసలు విషయం: ల్యాబ్ ఎంచుకోవడం. పేరున్న సంస్థ అని చూసి పెట్టేయకండి. చిగుళ్ల జబ్బు బ్యాక్టీరియాలో చాలావరకు ఆక్సిజన్ తగిలితే బతకవు. అనరోబిక్ (ఆక్సిజన్ లేకుండా ఉంచే) జార్ గానీ వర్క్‌స్టేషన్ గానీ లేని చోట పోర్ఫైరోమోనాస్ మీద ప్రపోజల్ రాస్తే రెండో ఏడు వచ్చేసరికి టాపిక్ మార్చుకోవాల్సి వస్తుంది. గైడ్‌కి రాసే మొదటి మెయిల్‌లోనే మర్యాదగా ఈ నాలుగు అడగండి: అనరోబ్స్ పెంచే వసతి ఉందా, శాంపిళ్లు దాచడానికి మైనస్ 80 ఫ్రీజర్ ఉందా, పేషెంట్లు ఏ డెంటల్ ఆస్పత్రి నుంచి వస్తారు, తమ దగ్గర సీటు ఖాళీ ఉందా. ఆఖరిది అడగడానికి మొహమాటపడొద్దు. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురే ఒకేసారి ఉండాలి, ఖాళీ లేకపోతే ఆయనకి మీరు ఎంత నచ్చినా చేర్చుకోలేరు.

ప్రపోజల్ రెండు మూడు పేజీలు చాలు, కానీ ప్రశ్న చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. "నోటి మైక్రోబయోమ్ మీద అధ్యయనం" అని రాస్తే ప్యానెల్ పక్కన పెట్టేస్తుంది. "షుగర్ ఉన్నవాళ్లలో చిగుళ్ల చికిత్సకి ముందు, మూడు నెలల తర్వాత పోర్ఫైరోమోనాస్ ఎంత ఉంది" అని రాస్తే ఎంతమంది కావాలో, ఏ పరీక్ష చేయాలో వాళ్లే అడుగుతారు, మాట ముందుకు సాగుతుంది. లాలాజలం ఎలా తీస్తారో కూడా రాయండి: పొద్దున్నే, తినకముందు, బ్రష్ చేయకముందు, ఊరిన ఉమ్మిని దానంతట అదే స్టెరైల్ ట్యూబులోకి జారనిచ్చి, ట్యూబుని వెంటనే ఐస్‌లో పెట్టి. ఇంత వివరంగా రాసినవాళ్లు పని తెలిసినవాళ్లని ప్యానెల్‌కి ఇట్టే తెలుస్తుంది.

మనుషుల శాంపిల్ కాబట్టి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ట్యూబు కూడా తీయకూడదు. సమ్మతి పత్రం పేషెంటుకి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, "లాలాజలం" పక్కన "ఉమ్మి" అని కూడా రాస్తే పల్లెటూరి పెద్దావిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ అనుమతి తేలేసరికి నెలలు గడిచిపోవచ్చు, చేరిన వారంలోనే ఫైలు మొదలుపెట్టండి, కోర్సు వర్క్ నడుస్తుండగా ఇదీ నడుస్తుంది.

చేరిన రోజు జాయినింగ్ రిపోర్టు, ఒరిజినల్ మెమోలు, టీసీ, కేటగిరీ సర్టిఫికెట్, బ్యాంక్ వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. జాయినింగ్ రిపోర్టు గైడ్, సంస్థ అధిపతి సంతకాలతో వెళ్తేనే ఫెలోషిప్ లెక్క మొదలవుతుంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి కాకపోతే అవి కూడా ఈలోపే వేయించుకోండి.