మ్యాథమెటికల్ లాజిక్‌లో పీహెచ్‌డీ: ఎక్కడ చేయాలి, ఎవరి దగ్గర చేయాలి

కాకినాడలోనో భీమవరంలోనో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివినవారికి ఆల్జీబ్రా, టోపాలజీ గట్టిగానే వస్తాయి. లాజిక్ (నిరూపణలను, గణిత వాక్యాలనే గణితంగా పరిశీలించే శాఖ) పేపరు మాత్రం సాధారణంగా తగలదు. దాంతో యూనివర్సిటీ ర్యాంకు చూసి అప్లై చేసేస్తుంటారు. ఈ సబ్జెక్టులో అలా చేస్తే దెబ్బతింటారు. ఎంతో పేరున్న మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో కూడా లాజిక్ గైడు ఒక్కరూ లేనివి ఉన్నాయి.

ముందు మీ శాఖ ఏదో తేల్చుకోండి. సహజ సంఖ్యల గురించి నిజమైన వాక్యాలన్నీ తీసుకుని, 'సి' అనే కొత్త గుర్తు చేర్చి, 'సి 0 కన్నా పెద్దది, 1 కన్నా పెద్దది, 2 కన్నా పెద్దది' అంటూ రాసుకుంటూ పోండి. వీటిలో పరిమిత సంఖ్యలో ఏవి తీసుకున్నా మామూలు సంఖ్యలతోనే సరిపోతుంది. కాబట్టి కంపాక్ట్‌నెస్ సిద్ధాంతం ప్రకారం అన్నీ ఒకేసారి నిజమయ్యే మోడల్, అంటే ఆ వాక్యాలన్నిటికీ సరిపోయే గణిత నిర్మాణం, ఉండి తీరాలి. ఆ మోడల్ ఆకారం ఏమిటని మనసు లాగితే మీది మోడల్ థియరీ. అందులోని కూడికను ప్రోగ్రాముతో లెక్కకట్టగలమా అని తోస్తే కంప్యూటబిలిటీ (కుదరదని టెన్నెన్‌బామ్ 1959లో చూపించారు). ఈ నిరూపణకు కనీసం ఏ స్వీకృతాలు కావాలన్నది మీ ప్రశ్నయితే ప్రూఫ్ థియరీ వైపు చూడండి. కంటిన్యుయం పరికల్పనను మామూలు సెట్ థియరీ స్వీకృతాలతో తప్పని గానీ నిజమని గానీ నిరూపించలేమన్న గోడెల్, కోహెన్‌ల ఫలితాలు నిద్రపట్టనివ్వకపోతే సెట్ థియరీ. లాటిస్ థియరీ పేపరు చదివినవారు బూలియన్ ఆల్జీబ్రాలను సెట్ల రూపంలో చూపే స్టోన్ సిద్ధాంతం మళ్లీ తిరగేయండి. కంపాక్ట్‌నెస్ అక్కడే దాగి ఉంది, అప్లికేషన్‌లో రాసుకోవడానికి మంచి ఆధారం కూడా.

శాఖ తేలితే చోట్లు వాటంతటవే తగ్గుతాయి. బర్కిలీలో 1957 నుంచి లాజిక్‌కే ప్రత్యేక బృందం ఉంది. కార్నెగీ మెలన్‌లో ప్యూర్ అండ్ అప్లైడ్ లాజిక్ అని విడిగా డిగ్రీ ఇస్తారు. కంప్యూటబిలిటీకి విస్కాన్సిన్-మాడిసన్, మోడల్ థియరీకి నోటర్‌డామ్, సెట్ థియరీకి వియన్నా, టొరంటో చూడండి. చెన్నైలో ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లలో కంప్యూటర్ సైన్సుకు దగ్గరి లాజిక్ నడుస్తుంది.

ఆ తర్వాత మనుషుల్ని చూడాలి. అసలు పని ఇదే, దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. పరిశోధకులు తమ పేపర్లు పెట్టే ఆర్కైవ్ (arXiv) సైటులో మ్యాథ్స్ కింద లాజిక్ విభాగం ఉంటుంది. గైడు గత మూడేళ్లలో ఏం పెట్టారో అక్కడ చూడండి. మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్టు అనే వెబ్‌సైటులో వారి శిష్యులు ఎవరు, ఏ సంవత్సరంలో డిగ్రీ పొందారన్నది తెలుస్తుంది. పేరు పక్కన ఎమెరిటస్ అని ఉంటే రిటైరైనట్టు, కొత్తవారిని తీసుకోకపోవచ్చు. మీ శాఖలో కనీసం ఇద్దరు ఉన్నచోటే అప్లై చేయండి. ఒక్కరే ఉండి, వారు మధ్యలో వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతే మీరు వెంట వెళ్లాలి, లేదా సబ్జెక్టు మార్చుకోవాలి. వారం వారం లాజిక్ సెమినార్ జరుగుతోందా, మొదటి కోర్సు దాటిన పై కోర్సులు గత రెండేళ్లలో నిజంగా నడిచాయా అన్నది కూడా చూడండి. కేటలాగులో పేరుండి, ఏళ్ల తరబడి చెప్పని కోర్సులు చాలా ఉంటాయి.

అమెరికాలో పీహెచ్‌డీ ఐదారేళ్లు. మొదట్లో ఆల్జీబ్రా, అనాలిసిస్ క్వాలిఫయింగ్ పరీక్షలు దాటాలి, లాజిక్ ఒక్కటే వస్తే చాలదు. ఫీజు మాఫీతో పాటు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తేనే వెళ్లండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో తరచూ జీతమిచ్చే ఉద్యోగంగా మూడు నాలుగేళ్లు ఉంటుంది, గైడుకు ముందే రాయాలి. ఇక్కడే ఉండాలనుకుంటే నెట్ (నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్) పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోండి. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

అమెరికా గడువులు చాలావరకు డిసెంబరులోనే ముగుస్తాయి, సంక్రాంతి సెలవులకు వాయిదా వేయకండి. ట్రాన్స్‌క్రిప్టులకు సెప్టెంబరులోనే పరీక్షల విభాగంలో దరఖాస్తు పెట్టండి. సిఫార్సు లేఖ రాసే మాస్టారికి మీరు క్లాసులో చేసిన నిరూపణో, ప్రాజెక్టు రిపోర్టో ఇవ్వండి. 'కష్టపడే విద్యార్థి' అన్న నాలుగు లైన్ల లేఖ చూసి కమిటీకి ఏమీ తెలియదు. ఆర్థిక సహాయంతో సీటు వస్తే జవాబు చెప్పడానికి చాలా అమెరికన్ యూనివర్సిటీలు ఏప్రిల్ 15 వరకు గడువిస్తాయి. ఆలోపే గైడు దగ్గర ఇప్పుడు చదువుతున్న విద్యార్థికి మెయిల్ రాసి, ఎన్నాళ్లకోసారి కలుస్తారు, వేసవిలో డబ్బు ఎలా వస్తుంది అని అడగండి.