ఆపరేషన్ తర్వాత నోరెండిపోతే
మత్తు దిగగానే పేషెంట్లు ముందు అడిగేది నీళ్లే. పరగడుపు, లాలాజలాన్ని తగ్గించే గ్లైకోపైరోలేట్ ఇంజెక్షన్, ఆక్సిజన్ గాలి కలిసి నాలుకను అంగిటికి అంటించేస్తాయి. చెన్నైలో మా వార్డులో ఇలా చేస్తాం.

పూర్తిగా మెలకువ వచ్చి, గట్టిగా దగ్గగలిగి, గుటక వేయగలిగితేనే, అదీ నర్సు సరేనన్నాకే. తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి, కాచి ఫ్రిజ్‌లో చల్లార్చిన నీళ్లలో గాజ్ గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, నాలుక మీద, బుగ్గల లోపల అద్దాలి. దాహం తీర్చేది ఆ చల్లదనమే. మామూలు నీళ్లు అంతగా పనిచేయవు. దగ్గు, వికారం మొదలైతే ఆపెయ్యండి. జ్యూస్ కొట్టు ఐస్ మాత్రం తేవద్దండీ.

నిమ్మ గ్లిజరిన్ పూత కాసేపు హాయిగా ఉన్నా, తర్వాత నోటిని ఇంకా ఎండగడుతుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే పెదాలకు వాజిలిన్ వద్దు, నూనె లేని జెల్ రాయండి.