బరువు తగ్గాలనుకునేవారికి తిండి లెక్క – మూడో పాఠం: త్రాసుతో ఏడు రోజులు

పోయిన పాఠంలో మూడు రోజులపాటు తిన్నవన్నీ కొలవకుండా రాయమన్నాను. ఆ పేజీలు చింపేయకండి. ఈ వారం వాటితో చాలా పని ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ వారం కూడా తిండి తగ్గించకండి. మామూలుగా ఎంత తింటారో అంతే తినండి. కొలవడం, తగ్గించడం రెండూ ఒకేసారి మొదలుపెడితే నాలుగో రోజుకే విసుగొస్తుంది. పైగా మీరు నిజంగా ఎంత తింటున్నారో ఎప్పటికీ తెలియదు. ముందు ఆ అంకె తెలియాలి. దాన్ని ఎంత తగ్గించాలన్నది తర్వాతి మాట.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టర్‌ని అడక్కుండా ఈ పాఠాలు పాటించవద్దు. గతంలో తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవారికి ఈ లెక్కలు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు. లెక్క రాస్తుంటే టెన్షన్ పెరుగుతోందని, తిన్నందుకు తప్పు చేసినట్టు అనిపిస్తోందని గమనిస్తే నోట్‌బుక్ మూసేయండి. మీకు నమ్మకమున్న డాక్టర్‌తో మాట్లాడండి.

ఇక పనిలోకి వెళ్దాం. తిండి విషయంలో మనం క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి కావలసిన శక్తి అది. కొన్ని ప్యాకెట్ల మీద కిలోజౌళ్లలో ఉంటుంది. దాన్ని 4.2తో భాగిస్తే చాలు. గ్రాము పిండిపదార్థంలో 4, గ్రాము ప్రోటీన్‌లో 4, గ్రాము కొవ్వులో 9 క్యాలరీలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికన్ శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన అంకెలివి. ఇప్పటికీ లేబుళ్ల లెక్కకు ఇవే ఆధారం. ఈ మూడూ నోటికి వచ్చేలా చేసుకోండి, మళ్లీ మళ్లీ అవసరం పడతాయి.

కావలసిన సామాను ఒక్కటే: గ్రాముల్లో చూపించే చిన్న వంటింటి త్రాసు. కప్పులు, గుప్పెళ్లు ఎందుకు వద్దంటే, అదే కప్పును వదులుగా నింపితే ఒక బరువు, అదిమి నింపితే ఇంకో బరువు. త్రాసు మీద ఖాళీ కంచం పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కి, ఒక్కో పదార్థం వడ్డించుకుంటూ ప్రతిసారీ మళ్లీ సున్నా చేయండి. కంచం తీయాల్సిన పనే ఉండదు.

నూనెకు మాత్రం పద్ధతి తిరగేయాలి. నూనె బాటిల్‌నే త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. బాణలిలో పోసుకుని బాటిల్ మళ్లీ త్రాసు మీద పెట్టండి. మైనస్ గుర్తుతో ఎంత కనిపిస్తే అంత నూనె వాడినట్టు. గిన్నెలు జిడ్డు కావు, కొలతలోనూ తప్పు రాదు. నెయ్యి, వెన్న, తేనె సీసాలకూ ఇదే పద్ధతి. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాడు నూనె సుమారు 120 క్యాలరీలు. చేతి అలవాటు కొద్దీ పోసేవారు ఒక చెంచా అనుకుని రెండు పోయడం మామూలే. నేను మొదటిసారి లెక్క రాసినప్పుడు రెండు వారాలు నూనె అసలు రాయనేలేదు. కూరలో కలిసిపోయిన నూనె తిండిలా కనిపించదు కదా. లెక్క ప్రకారం తక్కువే తింటున్నాను, బరువు మాత్రం కదల్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది నెమ్మదిగా చదవండి. కొత్తవాళ్ల లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. పచ్చి బియ్యం 100 గ్రాములకు సుమారు 360 క్యాలరీలు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130. వండేటప్పుడు పీల్చుకున్న నీటికి బరువుంది గానీ క్యాలరీలు లేవు. కంచంలో 200 గ్రాముల అన్నం పెట్టుకుని క్యాలరీలు లెక్కగట్టే ఫోన్ యాప్‌లో పచ్చి బియ్యం లెక్క ఎంచుకుంటే 260 రావలసిన చోట 720 వస్తుంది. మాంసానికి ఇది తలకిందులు. వండితే నీరు పోయి బరువు తగ్గుతుంది. చర్మం లేని కోడి ఛాతీ మాంసం పచ్చిది 100 గ్రాములకు సుమారు 120 అయితే, ఉడికినది 165 దాకా ఉంటుంది. అందుకే ప్రతి అంకె పక్కనా ‘పచ్చి’ అనో ‘వండినది’ అనో రాయండి.

ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండినప్పుడు మీ వాటా ఎంతో తేల్చాలి. ఖాళీ గిన్నె బరువు ముందే తూచి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంచండి, ఒక్కసారి తూస్తే చాలు. బంగాళాదుంప కూర వండారనుకుందాం. దుంపలు 500 గ్రాములు, అంటే 385 క్యాలరీలు. ఉల్లిపాయలు 200 గ్రాములు, 80. నూనె 40 గ్రాములు, 360. మొత్తం 825. కూర దించాక గిన్నెతో సహా 1,450 గ్రాములు తూగింది, ఖాళీ గిన్నె 800. అంటే కూర 650 గ్రాములు. 825ను 650తో భాగిస్తే గ్రాముకు 1.27. మీరు 150 గ్రాములు వడ్డించుకుంటే దాదాపు 190 క్యాలరీలు. ఈ లెక్కలోనే ఇంకో సంగతి చూడండి. మనం వేసిన 740 గ్రాముల సామానులో నూనె 40 గ్రాములే, అయినా క్యాలరీల్లో నూటికి 44 వంతులు దానివే. దుంపల్ని అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం.

ఆకుకూరలు, కీరా లాంటివాటి తూకం గురించి బెంగ వద్దు. కీరా 100 గ్రాములకు 15 క్యాలరీలే. తాగేవాటిని మాత్రం వదలకండి. చిన్న చెంచాడు పంచదార 4 గ్రాములు, 16 క్యాలరీలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పుల కాఫీ తాగితే పంచదార ఒక్కటే 96 అవుతుంది, పాలు వేరే. వంట మధ్యలో రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే నోట్లో వేసుకున్నవి కూడా రాయండి. బయట తిన్న రోజు అంచనాగా ఒక అంకె వేసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఖాళీ వదిలితే ఆ రోజు లెక్క సున్నా అయిపోతుంది.

అసలు నేర్చుకోవలసినది ఇప్పుడు చెబుతాను. తూచే ముందు కంటితో చూసి ‘ఇది ఎన్ని గ్రాములు?’ అని అంచనా రాయండి. తర్వాత తూచి, వచ్చిన బరువు దాని పక్కనే రాయండి. జీవితాంతం త్రాసు పట్టుకు తిరగలేం కదా. ఆ పని రేపు మీ కన్నే చేయాలి, దానికి శిక్షణ ఇది. ఎంత తగ్గించి తిన్నా బరువు తగ్గట్లేదని చెప్పిన కొందరిని అమెరికాలో పరీక్షించి, ఆ ఫలితాలను 1992లో ప్రచురించారు. వాళ్ల శరీరం శక్తిని ఖర్చు చేసే తీరులో లోపమేమీ లేదు. తిన్నామని చెప్పినది మాత్రం నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ. వాళ్లు అబద్ధాలకోరులని ఇందులో అర్థం వెతకకండి. తూచకుండా చూసే కంటికి అంత పొరపాటు సాధ్యమే. మీ అంచనాలూ మొదటి రెండు రోజులు బాగా తప్పుతాయి. వాటిని దిద్దకండి, కొట్టేయకండి. ఏడో రోజు అంచనాలతో పోల్చి చూడటానికి అవి కావాలి.

రోజూ ఉదయం లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందే ఒంటి బరువు చూసుకుని రాయండి. ముందు రోజు ఉప్పు ఎక్కువ తింటే చాలు, నీరు నిలిచి కిలో దాకా పెరిగినట్టు కనిపించవచ్చు. ఒక్క రాత్రిలో పట్టిన కొవ్వు కాదది. కంగారుపడి ఆ రోజు తిండి మానేయకండి.

ఏడో రోజు రాత్రి చేయవలసిన పని ఇది. ఏడు రోజుల క్యాలరీలూ కూడి 7తో భాగించండి. ఏడు రోజుల ఒంటి బరువులకూ అలాగే చేయండి. పోయిన పాఠంలో కొలవకుండా రాసిన మూడు రోజుల పేజీలు తెరిచి, ఈ వారం అనుభవంతో వాటికి క్యాలరీలు వేసి, కూడి 3తో భాగించండి. మూడు సగటులూ చివరి పేజీలో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో రోజుకు ఎన్ని క్యాలరీలు తగ్గించాలో ఆ పేజీ ముందు పెట్టుకునే తేలుద్దాం.