బాక్స్ తాబేలు కనిపిస్తే ముందు పొట్ట చూడండి

మేముండేది అమెరికాలో కాన్సస్ సిటీ శివార్లలో. మే నెలలో వాన వెలిసిందంటే చాలు, తాబేళ్ళు రోడ్డెక్కుతాయి. వాటిలో బాక్స్ తాబేళ్ళు, అంటే చిప్పని పెట్టెలా మూసుకోగలవి, ఇటువైపు రెండు రకాలు. ఒకటి మూడువేళ్ళ బాక్స్ తాబేలు, పక్కనున్న మిస్సోరీ రాష్ట్ర సరీసృపం అదే. రెండోది ఆర్నేట్ బాక్స్ తాబేలు, అది కాన్సస్ రాష్ట్ర సరీసృపం.

మొదట్లో వెనక కాలి వేళ్ళు లెక్కపెట్టి పేరు చెప్పేసేవాణ్ణి. అలా రెండుసార్లు పప్పులో కాలేశాను. మూడువేళ్ళదానికి ఒక్కోసారి నాలుగుంటాయి, తూర్పు రాష్ట్రాల రకానికి మూడే ఉండొచ్చు.

అందుకే ఇప్పుడు మెల్లగా పక్కకి వంచి ముందు పొట్ట చూస్తాను. పెద్ద తాబేలైతే పొట్ట చిప్పకి అడ్డంగా, తలుపు బందులా కదిలే మడత ఉండాలి. ఆ చిప్ప గీతల్లేకుండా పసుపుగా ఉంటే దాదాపు మూడువేళ్ళదే. ముదురు గోధుమరంగు మీద పసుపు గీతలుంటే ఆర్నేట్. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆర్నేట్‌ని చూసి, "నక్షత్ర తాబేళ్ళు ఇక్కడా ఉన్నాయా బాబూ?" అన్నారు. వీపు మీది గీతలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ నక్షత్ర తాబేలుకి పొట్ట మీద ఆ బందు ఉండదు.

తర్వాత పక్కనుంచి చూడండి. ఆర్నేట్ వీపు చదునుగా, గుండ్రంగా ఉంటుంది, వెన్ను వెంబడి గట్టు కనిపించదు. మూడువేళ్ళది ఎత్తుగా ఉంటుంది, గట్టు తెలుస్తుంది, రంగు మట్టిరంగో ఆలివ్ రంగో. ఆర్నేట్ మగదానికి కళ్ళు ఎర్రగా ఉంటాయి, వెనక కాలి లోపలి వేలు లోపలికి తిరిగి ఉంటుంది. ఎత్తైన వీపు, దాని మీద కిరణాల్లా విచ్చుకున్న పసుపు గీతలు, తలకి రెండువైపులా పసుపు చారలు ఉంటే అది ఫ్లోరిడా రకం. ఇక్కడ కనిపించిందంటే ఎవరో పెంచుకుని వదిలేసినదే.

ఇక సంకరాలు, అంటే రెండు రకాలూ కలిసి పుట్టినవి. పోయినేడు మా కంచె దగ్గర ఒకటి దొరికింది. మట్టిరంగు వీపు, వెనకవైపు మాత్రమే గట్టు, తెగిపోయినట్టున్న కిరణాలు, పొట్ట అంచుల్లో అలికినట్టు మరకలు. రెండు రకాల గుర్తులూ ఇలా మూడు నాలుగు కలిస్తేనే నేను సంకరం అనే మాట ఎత్తుతాను, అదీ "కావచ్చు" అనే. ముసలివాటి చిప్ప అరిగిపోయి గీతలు చెరిగిపోతాయి, అవి చూసి తొందరపడకండి.

పైనుంచి, పక్కనుంచి, పొట్ట, వెనక కాళ్ళు: నాలుగు ఫొటోలు తీసుకుని, అది ఎటు పోతుంటే అటే రోడ్డు దాటించి వదిలేయండి.