పిచికారీ డ్రోన్ బ్యాటరీలను చలికాలానికి దాచే ముందు

మందు కొట్టే పని అయిపోగానే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌ను ఫుల్ ఛార్జ్‌తో అటకెక్కించకండి. బ్యాటరీలు పాడయ్యేది ఇక్కడే. ఫుల్ ఛార్జ్‌లో, అంటే ప్యాక్ లోపలి ఒక్కో సెల్‌కు 4.2 వోల్టుల దగ్గర, నెలల తరబడి ఉంటే లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. 3 వోల్టుల కిందికి జారితే మళ్లీ నమ్మలేం. ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కు 3.8–3.85కు తేవాలి. 12 సెల్స్ ప్యాక్‌కు మొత్తం 45.6–46.2 వోల్టులు.

- డ్రోన్‌లోంచి విప్పండి, కనెక్టర్ల మీద మందు మరకలు తుడవండి.
- ఉబ్బినదాన్ని ఛార్జ్ చేయొద్దు, మిగతావాటితో కలపొద్దు.
- గడ్డివాము, పెట్రోలు డబ్బాలకు దూరంగా, పొడి గదిలో ఉంచండి. ఫ్రిజ్ వద్దు, తేమ పడుతుంది.
- నెలకోసారి కొలవండి. సెల్ 3.7 కంటే తగ్గితే మళ్లీ 3.8కి ఎక్కించండి.

లంబసింగి లాంటి చలి ప్రాంతాల్లో, 5 డిగ్రీల కంటే చల్లబడిన ప్యాక్‌ను గది వేడికి వచ్చాకే ఛార్జ్ చేయాలి. లేదంటే లోపల లిథియం పేరుకుని షార్ట్ కావచ్చు.